పదిమందిలో చేసిన ప్రార్థన

"పిన్ని అనకు. ఆ పిలుపు ఇంక వద్దు."

ఇంటావిడ ఈ మాట గట్టిగా అనలేదు. పొయ్యి మీద టీ పొంగుతుంటే మంట తగ్గిస్తూ, అటు తిరిగే అంది. చిన్న సిస్టరు ఖాళీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. లోపలికి వెళ్ళాలో వెనక్కి తిరగాలో ఆమెకి తెలియలేదు.

ఆ పిలుపు ఈ దేశపు భాషలోది కాదు. సువార్త సేవకని ఇల్లు వదిలి వచ్చినప్పుడు పెట్టెలో బట్టలతోపాటు తెచ్చుకున్నది. మేడమీద గదిలో అద్దెకి దిగిన కొత్తలో ఆవిణ్ణి "పిన్నీ" అని, బస్సు డ్రైవరైన ఆవిడ భర్తని "బాబాయ్" అని పిలిస్తే వాళ్ళిద్దరూ ముందు నవ్వారు. తర్వాత అర్థం అడిగారు. ఆ తర్వాత వేరే ఎలా పిలిచినా పలకడం మానేశారు.

"నేను కావాలని చెయ్యలేదండీ," అంది చిన్న సిస్టరు.

"తెలుసు. కళ్ళు మూసుకుని చేశావు. మేం మాత్రం తెరుచుకునే విన్నాం."

"నేను పేరు చెప్పలేదు..."

"పేరు చెప్పకపోతేనేం? నువ్వు 'కుడి కంట్లో మరక' అనగానే ఆయన లేచాడు. లేచి గుమ్మానికి గుద్దుకున్నాడు. ఇంక పేరెందుకు?"

టీ మూడు కప్పుల్లో పోసింది. చిన్న సిస్టరు చేతిలోని కప్పు జోలికి రాలేదు. అలాగని పొమ్మనీ అనలేదు. రొట్టెలు కాల్చిన పళ్ళెం మాత్రం ఎప్పట్లాగే ఆమెకి అందేంత దూరంలో పెట్టింది. కోపంలో కూడా కడుపు మాడ్చడం చేతకాని మనిషి ఆవిడ. అదే చిన్న సిస్టరుని ఎక్కువ బాధపెట్టింది. నాలుగు తిట్టి, తిండి మానిపించినా ఇంత నొచ్చుకునేది కాదు.

"పోయిన నెల మా అమ్మాయి పంపిన ఫొటో ఆయన చేతికిచ్చాను. చాలాసేపు చూసి, బాగుందన్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. నేనేమో వేళాకోళం చేస్తున్నాడనుకుని పడీపడీ నవ్వాను." ఇంటావిడ పొయ్యి ఆర్పేసింది. "నా మొగుడి కన్ను పోతోందని నాకు చెప్పలేదు. నిన్నగాక మొన్న వచ్చిన నీకు చెప్పాడు. నువ్వు ఊరందరికీ చెప్పావు. అందరితోపాటే నేనూ విన్నాను. ముందుగదిలో, నిన్నటి ప్రార్థనకి వచ్చిన జనానికి కుర్చీలు వేస్తూ విన్నాను."

చిన్న సిస్టరు ఖాళీ కప్పు అక్కడే పెట్టి ముందుగదిలోకి నడిచింది.

ముందుగదిలో డ్రైవరు బాబాయి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. యూనిఫాం వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, బూట్లు తొడుక్కుని మరీ కూర్చున్నాడు. తెల్లవారగానే డిపో నుంచి కబురొచ్చింది, ఇవాళ డ్యూటీకి రానక్కర్లేదని, సాయంత్రం మేనేజరుగారే ఇంటికొచ్చి మాట్లాడతారని. అయినా ఆయన యూనిఫాం విప్పలేదు. విప్పమని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"బాబాయ్," అంది చిన్న సిస్టరు మెల్లగా.

ఆయన తల ఆమెవైపు కాస్త పక్కగా తిప్పాడు. ఈ మధ్య అలాగే చూస్తున్నాడు.

"నువ్వా అమ్మా. తిన్నావా?"

"నన్ను తిట్టండి బాబాయ్."

"తిట్టడానికేముంది? ప్రార్థన చెయ్యమని నేనే అడిగాను. చేశావు." మళ్ళీ కిటికీవైపు తిరిగాడు. "గదిలో తలుపేసుకుని చేస్తావనుకున్నాను. అంతే."

ఆ "అంతే" ఆమె గుండెలో ముల్లులా దిగింది.

ఆయన అడిగిన రోజు ఆమెకి బాగా గుర్తుంది. కంట్లో వేసుకునే మందు సీసా తెచ్చి, దాని మీద ఉన్న చిన్న అక్షరాలు చదివి పెట్టమన్నాడు. చదివింది. ఎందుకని అడిగింది. ఆయన చెప్పాడు. చెప్పాక, "నువ్వు పరాయి దేశం పిల్లవి, ఏదో ఒకరోజు వెళ్ళిపోయేదానివి. నీకు చెబితే నాలో నేను చెప్పుకున్నట్టే," అన్నాడు. ఆ మాటకి ఆమె ఎంత పొంగిపోయిందో! వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని తలుపులు తట్టింది, ఎన్ని తలుపులు ముఖం మీదే మూసుకున్నాయి! ఒక మనిషి తనంతట తాను మనసు విప్పడం అదే మొదటిసారి.

అసలు సంగతి ఇంకొకటుంది. అది ఇంటావిడకి తెలియదు, బాబాయికి తెలియదు, ఒకే గదిలో పక్కమంచం మీద పడుకునే పెద్ద సిస్టరుకి కూడా తెలియదు.

ఇన్నాళ్ళూ చిన్న సిస్టరుకి ఈ దేశపు భాష నోరు తిరిగేది కాదు. ప్రార్థన చెయ్యమంటే నాలుగు ముక్కలు బిక్కుబిక్కుమంటూ చెప్పి ఆమేన్ అనేది. పిల్లలు నవ్వేవాళ్ళు, పెద్దలు జాలిపడేవాళ్ళు. నిన్న సాయంత్రం మాత్రం ఏమైందోగాని భాష దానంతటదే వచ్చేసింది. ఒక వాక్యం వెనక ఇంకొకటి. గదిలో ఎవరో "అవును ప్రభువా" అన్నారు. ఇంకెవరో నిట్టూర్చారు. ఆమెకి ఒళ్ళు తేలికైపోయింది. ఆపాలనిపించలేదు.

కాని ఆమెకి వచ్చిన మాటలెన్ని? అవి అయిపోయాయి. అయిపోయిన చోట, బాబాయి తన బాధ చెప్పుకుంటూ ఉంటే విని కొత్తగా నేర్చుకున్న మాటలు నాలిక మీద సిద్ధంగా ఉన్నాయి. "కుడి కంట్లో మరక పడి, ఎదుటి మనిషి ముఖం పోల్చుకోలేక, చేసే పని పోతుందేమోనని కట్టుకున్న భార్యకి కూడా చెప్పకుండా కుమిలిపోతున్న తండ్రిలాంటి మనిషిని ఆదుకో ప్రభువా." మొదటి ముక్క అంటున్నప్పుడే, ఇది అనకూడదని తెలిసింది. బాగా తెలిసింది. అయినా వాక్యం అందంగా వస్తోంది. పూర్తి చేసింది.

పొరపాటున నోరు జారితే దేవుడు క్షమిస్తాడు. ఇది జారలేదు. తానే వదిలింది.

*

"ఇవాళ తిరగాల్సిన ఇళ్ళు తిరగాలి. గదిలో కూర్చుని ఏడిస్తే ఏమొస్తుంది?" అంది పెద్ద సిస్టరు బూట్ల తాడు బిగిస్తూ.

పెద్ద సిస్టరుకి అన్నీ నియమం ప్రకారం జరగాలి. పొద్దున్నే భాషా పాఠం, తర్వాత బట్టలు ఉతుక్కోవడం, ఆ తర్వాత వీధులు. ఇద్దరూ ఎప్పుడూ కలిసే ఉండాలి, ఒకర్ని వదిలి ఒకరు వీధి మలుపు కూడా తిరగకూడదు. గొడుగు ఒక్కటే. ఎండైనా వానైనా దానికిందే నడవాలి. ఇన్నాళ్ళూ చిన్న సిస్టరుకి అది విసుగ్గా ఉండేది. ఇవాళ ఆ గొడుగు కింద దాక్కోవాలనిపించింది.

"అక్కా, నేను చేసింది తప్పే కదా?"

"తప్పే. కాని ఒకందుకు మంచిదే అయింది. ఆయన నడిపేది బస్సు. అందులో జనం ఉంటారు. ఇవాళ కాకపోతే రేపు ఏదైనా జరిగితే?"

చిన్న సిస్టరుకి ప్రాణం లేచొచ్చింది. నిజమే కదా! జనాన్ని కాపాడింది కదా! రెండు వీధులు దాటేదాకా ఆ ఊరట నిలిచింది. మూడో వీధిలో కరిగిపోయింది. జనం సంగతి నిన్న తన బుర్రలో ఎక్కడుంది? బస్సు గుర్తుందా, ప్రయాణికులు గుర్తున్నారా? గుర్తున్నది తన గొంతు ఒక్కటే. జనం కోసమే అయితే బాబాయి చెప్పిన నాడే ఆయన చేతులు పట్టుకుని, పని మానెయ్యమని బతిమాలి ఉండేది. ఆ పని చెయ్యలేదు. పైగా మర్నాడు అదే బస్సెక్కి బజారుకి వెళ్ళొచ్చింది.

మందుల దుకాణం పక్కింటి తల్లి తలుపు తీసింది. రేపు చర్చిలోని ఆదివారపు బడి పిల్లల్ని కొండమీదికి విహారానికి తీసుకెళ్తున్నారు. ఆవిడ కూతుర్ని కూడా పంపిస్తుందో లేదో కనుక్కోవాలి.

"పంపిస్తానమ్మా. మీరిద్దరూ ఉంటారుగా, ఇంక నాకు భయమేముంది?" అంది ఆవిడ. తర్వాత చిన్న సిస్టరు రెండు చేతులూ పట్టేసుకుంది. "నిన్న నీ ప్రార్థన విని నాకు ఒళ్ళు గగుర్పొడిచింది తల్లీ. భాషే రాదనుకున్నాం. ఎంత బాగా చేశావు! ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పి ఏడ్చాను."

"అందరికీ... నచ్చిందా?" ఆ ప్రశ్న తన నోటివెంట ఎలా వచ్చిందో చిన్న సిస్టరుకే తెలియదు.

"నచ్చడమా! పాపం ఆ డ్రైవరు సంగతి విని గుండె తరుక్కుపోయింది."

పెద్ద సిస్టరు గొడుగు తెరిచింది. తనకి లోలోపల ఎక్కడో ఆ పొగడ్త తియ్యగా తగిలిందని తెలిసి చిన్న సిస్టరుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇంటావిడ మెట్ల దగ్గరే కాచుకుని ఉంది. ముందుగదిలో కుర్చీలు సర్ది ఉన్నాయి. పొద్దుటి కోపం ముఖంలో లేదు. దాని బదులు వేరే ఏదో ఉంది, అది కోపం కన్నా భయంగా ఉంది.

"కూర్చో," అంది. మెట్టు మీదే కూర్చోబెట్టి పక్కన తానూ కూర్చుంది. "ఇంకాసేపట్లో మేనేజరుగారు వస్తారు. నీ ప్రార్థన ఆయన చెవులారా విన్నారు. ఆయన చర్చి సంఘపెద్ద కూడాను. నీ మాటంటే ఆయనకి గురి. నిన్ను అడుగుతారు, ఎవరి గురించి ప్రార్థించావని."

"అవును."

"మీ నాన్న గురించని చెప్పు."

చిన్న సిస్టరు ఆవిడ ముఖంలోకి చూసింది.

"తండ్రిలాంటి మనిషి అన్నావుగా? తండ్రే అని చెప్పు. మీ నాన్నకి కన్ను పోతోంది, మీ అమ్మకి కూడా చెప్పలేదు, నీకు మాత్రం ఫోనులో చెప్పాడు. దూరదేశంలో ఉండి ఏం చెయ్యలేక ప్రార్థించావు. అంతే. ఎవరు కాదంటారు?"

"అబద్ధం చెప్పమంటున్నారా?" అంది పెద్ద సిస్టరు వెనకనుంచి.

"నువ్వు ఊరుకో అమ్మా. నిజం చెప్పి మా కొంప ముంచింది. అబద్ధం చెప్పి నిలబెడితే మీ దేవుడికి అంత కష్టమా?" ఇంటావిడ చిన్న సిస్టరు మోకాలి మీద చెయ్యి వేసింది. "డాక్టరు దగ్గరికి పంపితే ఆయన పని పోయినట్టే. పనిలేకుండా ఆ మనిషిని నువ్వు చూశావా? నేనూ చూడలేదు. సెలవురోజున కూడా డిపోకి పోయి బస్సు తుడిచొస్తాడు. ఇంట్లో కూర్చోబెడితే ఏడాది బతకడు."

"బస్సులో జనం..."

"ఆ దారి ఆయన కాళ్ళకి తెలుసు. ఇన్నేళ్ళలో ఒక కుక్కపిల్లని కూడా తగల్లేదు. మెల్లిగా నేనే నచ్చజెప్పి మాన్పిస్తాను. మర్యాదగా మానతాడు. ఇలా పదిమందిలో కాదు." చెయ్యి తియ్యలేదు. "నా మొగుడు నాకు చెప్పని మాట నీకు చెప్పాడు. దానికి నిన్ను నేనెప్పటికీ క్షమించలేనేమో. అది వేరే సంగతి. ఇప్పుడు మాత్రం నువ్వే కాపాడాలి. పొద్దున అన్నది మర్చిపో. పిన్ని అనే పిలు."

ఆ చివరిమాట లేకపోతే చిన్న సిస్టరు కాదనగలిగేదేమో.

వాళ్ళ నాన్న వాచీలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం పెట్టుకుని, ఆవగింజంత మరని పట్టకారుతో ఎత్తి దాని చోట దాన్ని కూర్చోబెడతాడు. వీధిలో ఎవరి సూదిలోకైనా దారం ఎక్కకపోతే ఆయన దగ్గరికే పట్టుకొస్తారు. అంత చక్కని కళ్ళు.

*

డిపో మేనేజరుగారు భారీ మనిషి, మెత్తని మాట. వచ్చీరాగానే డ్రైవరు భుజం తట్టి, యూనిఫాం చూసి చూడనట్టు ఊరుకున్నారు. ఇంటావిడ టీ ఇచ్చింది. కుర్చీ చాలక పెద్ద సిస్టరు గోడకి ఆనుకుని నిలబడింది.

"నాకు ఇష్టమై రాలేదు," అన్నారాయన టీ కప్పు ముట్టుకోకుండా. "అనుమానం వచ్చాక ఊరుకుంటే నా ఉద్యోగం నేను చెయ్యనట్టే. కాని ఈయన్ని డాక్టరు ముందు నిలబెట్టడం కూడా నాకు ప్రాణసంకటంగా ఉంది. అందుకని ముందు నిన్నే అడుగుతున్నానమ్మా. నిన్న నువ్వు ఎవరి కోసం ప్రార్థించావు?"

డ్రైవరు బాబాయి కిటికీవైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. నిజం చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"మా నాన్న కోసమండీ," అంది చిన్న సిస్టరు.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో!

మేనేజరుగారి భుజాలు ఒక్కసారిగా సడలాయి. పాపం, ఆయనా ఈ మాట కోసమే వచ్చారు. "నేననుకున్నానే! మరి ఈయన మధ్యలో లేచి వెళ్ళాడేం?"

"ఈయనకి గాలాడదండీ, జనం ఎక్కువైతే," అంది ఇంటావిడ చటుక్కున. "గుమ్మం దగ్గర చెప్పులు అడ్డం వచ్చాయి."

"అయ్యో, మేమంతా ఎక్కడికో వెళ్ళిపోయాం. క్షమించండి డ్రైవరుగారూ." ఆయన చిన్న సిస్టరువైపు తిరిగారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మీ నాన్నగారికి ఇంత కష్టం వచ్చిందని మాతో చెప్పుకోకపోతివి. పరాయివాళ్ళమనుకున్నావా తల్లీ? రండి, అందరం కలిసి ఆయన కళ్ళ కోసం ప్రార్థిద్దాం. నువ్వే చెయ్యి."

మనుషులకి చెప్పిన అబద్ధం ఒకటి. ఇప్పుడు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పైవాడికే చెప్పాలి. అబద్ధమని చూడకుండా ఆయన వింటే? విని నిజం చేస్తే? దూరాన ఉన్న ఆ చక్కని కళ్ళు...

పెద్ద సిస్టరు ఇప్పుడైనా ఏదో అంటుందని చూసింది. పెద్ద సిస్టరు కళ్ళు మూసుకుని, తల వంచి ఉంది. నియమాలన్నీ తెలిసిన మనిషికి కూడా ఈ గదిలో నోరు పెగల్లేదు.

చిన్న సిస్టరు కళ్ళు మూసుకుంది. తడబడితే బాగుండుననుకుంది. మాటలు రాకపోతే, మళ్ళీ నాలుగు ముక్కలు బిక్కుబిక్కుమంటూ చెప్పి ఊరుకోగలిగితే ఎంత బాగుండును! రాలేదు ఆ అదృష్టం. నిన్నటికన్నా ధారాళంగా వచ్చాయి మాటలు. కన్నీళ్ళు కూడా వచ్చాయి, అవి మాత్రం నిజమైనవే. మేనేజరుగారు "అవును ప్రభువా" అన్నారు. ఇంటావిడ వెక్కింది. చివర్లో అందరూ ఆమేన్ అన్నారు.

బాబాయి అనలేదు.

మేనేజరుగారు లేచి, ముఖం తుడుచుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు. మనసు తేలికపడిన మనిషికి ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది కదా.

"ఇంకేం, రేపటి సంగతి కూడా తేలిపోయింది. పిల్లల విహారానికి ముందు ఈయన్నే వేశాను. నిన్నటి గొడవతో పేరు కొట్టేసి వేరేవాణ్ణి పెట్టాను. వాడు కుర్రాడు, కొండదారిలో మలుపులు కొత్త. నాకూ అదే దిగులుగా ఉంది. డ్రైవరుగారూ, మీరే రండి. పిల్లలకి కూడా మీరంటే ఇష్టం. పొద్దున్నే బస్సు తీసుకుని చర్చి ముందుకి వచ్చెయ్యండి."

చిన్న సిస్టరు నోరు తెరిచింది. ఇంటావిడ చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. మెత్తగానే పడింది, కాని పట్టు వదల్లేదు.

"అలాగేనండి," అన్నాడు బాబాయి.

మేనేజరుగారు వెళ్ళిపోయారు. గేటు చప్పుడైంది. ఇంటావిడ మణికట్టు వదిలేసి, చిన్న సిస్టరు తల దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. "నా తల్లే," అంది. "ఇవాళ నీకిష్టమైంది వండుతాను. ఏం కావాలో చెప్పు."

సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా గది మధ్యకి వచ్చింది. చిన్న సిస్టరు ఆ వెలుగుకి అడ్డంగా, కిటికీ ముందు నిలబడి ఉంది. బాబాయి కుర్చీలో వెనక్కి వాలి, యూనిఫాం పై గుండీ ఒక్కటి విప్పాడు.

"ఎంతమంది పిల్లలమ్మా?"

"బస్సు నిండుతుంది బాబాయ్."

"ఊళ్ళో దారి నాకు భయం లేదు. ఎక్కడ గుంటుందో, ఎక్కడ మలుపుందో చేతులకే తెలుసు. కొండదారి ఎక్కి చాలా కాలమైంది." ఆయన మోకాళ్ళ మీద చేతులు వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తున్నట్టు కూర్చున్నాడు. "ఇంక నేను బస్సు నడపొచ్చో లేదో పొద్దుట్నుంచీ అడుగుదామనుకుంటున్నాను, ఎవర్ని అడగాలో తెలీలేదు. ఈవిడ సరేననే అంటుంది. మేనేజరుగారికి ఏం తెలీదు. నా కంటి సంగతి మొదట్నుంచీ తెలిసినదానివి నువ్వొక్కదానివే. రేపు ఆ బస్సులో నువ్వు కూడా ఎక్కుతావు కదూ?"

"ఎక్కుతుంది. ఎందుకెక్కదు? పిల్లల్ని తీసుకెళ్ళేదే వాళ్ళు," అంది ఇంటావిడ.

"నిన్ను కాదు అడిగింది." ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు ఎక్కుతానంటే నేను నడుపుతాను అమ్మా. పిల్లల్ని ఎక్కించి, నువ్వు కూడా వచ్చి నా వెనక సీట్లో కూర్చుంటానంటే నడుపుతాను. నీకు భయమైతే ఇప్పుడే చెప్పు. నేనే వెళ్ళి ఆయనకి చెప్పుకుంటాను. నీ అబద్ధం కూడా నేనే సర్దుకుంటాను. ఏమంటావు?"

వంటింటి గుమ్మంలో ఇంటావిడ కొయ్యబారిపోయింది. ఆవిడ చూపు చిన్న సిస్టరు ముఖం మీదే ఉంది. బతిమాలుతోంది ఆ చూపు. పెద్ద సిస్టరు గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేసి, అక్కడే ఆగిపోయింది.

ఇందాక ధారగా కారిన భాషలోంచి ఒక్క ముక్క కూడా చిన్న సిస్టరు నాలిక మీదికి రాలేదు. మెల్లిగా తల అడ్డంగా ఊపింది. ఇంటావిడ చూసింది. చూసి గుమ్మం పట్టుకుంది.

బాబాయి అలాగే, తల కాస్త పక్కగా వంచి, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు.

"తల ఊపావేమో, నాకు తెలియడం లేదమ్మా," అన్నాడు. "నోటితో చెప్పు."